పోయిన ఫైలు, దొరికిన ఫొటో
(సంఘ వార్షిక సమావేశములో మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠము)



ముప్ఫైనాలుగేళ్ళ గుమాస్తాగిరీలో నేను ఒక్క ఫైలు పోగొట్టలేదు. రికార్డు రూములో ఎలుకలు కొట్టినవీ, వానకు తడిసినవీ ఎండబెట్టి, కుట్టి, పేజీ నంబర్లు వేసి అప్పగించినవాడిని. అట్టి నేను డెబ్బైనాలుగో ఏట ఒకే ఫైలును రెండుసార్లు పోగొట్టాను. ఉదయం మీరు చూసిన శ్రద్ధాంజలి స్లైడ్లే అవి.

ఈ ఏడు మనను విడిచిన సభ్యులు పదకొండుమంది. మొన్న రాత్రి మూడు గంటలు కూర్చొని అందరి ఫొటోలూ పెట్టి, సర్వీసు వివరాలు టైపు చేశాను. మూసేటప్పుడు పవర్‌పాయింటు ఏదో అడిగింది. నిద్రమత్తులో 'డోంట్ సేవ్' నొక్కాను. అంతే, స్లైడ్లన్నీ మాయం! మన అటెండరుగారి ఫొటో ఆయన భార్య వద్ద ఒక్కటే ఉండేది. దాన్ని ఫోనులో తీసుకొని, ఆమెకు తిరిగి ఇచ్చి, పని అయిపోయిందికదా అని ఫోనులోదీ తుడిచేశాను.

మనవరాలికి ఫోను చేస్తే, "కంగారు పడకు తాతయ్యా. ఫైల్ మెనూలో ఇన్ఫో, అందులో మేనేజ్ ప్రెజెంటేషన్, దాని కింద రికవర్ అన్‌సేవ్డ్ ప్రెజెంటేషన్స్ నొక్కు" అన్నది. నొక్కితే ఉన్నది! మనం ఏమీ మార్చకపోతే పది నిమిషాలకొకసారి అది తనంతట తానే ఒక నకలు తీసి ఉంచుతుందట. సేవ్ చేయక మూసిన కొత్త ఫైలును నాలుగు రోజులు దాచి, తరువాత తీసివేస్తుందట. కనుక అయిదో రోజు వెతికితే లాభం లేదు. చివర చేసిన రెండు స్లైడ్లు మాత్రం పోయాయి. మళ్ళీ చేశాను.

పెన్ డ్రైవులోకి కాపీ చేసి, దీపం వెలుగుతుండగానే ఊడబెరికాను. తప్పు నాదే. ఈ ఉదయం ఇక్కడ తెరిస్తే ఫైలు చెడిపోయిందన్నది. రిపేర్ నొక్కినా ఫలితం లేదు. ఇల్లు చూస్తే పద్దెనిమిది కిలోమీటర్లు, సభకు గంట వ్యవధి. అటెండరుగారి భార్య అప్పటికే ముందు వరుసలో కూర్చొని ఉన్నారు.

మళ్ళీ మనవరాలే. ముందు ఆ ఫైలుకు నకలు తీయమన్నది. అసలు కాగితం మీద చేయి వేయరాదని మనం నేర్చుకున్నదే కదా! ఆ నకలు పేరు చివర పి.పి.టి.ఎక్స్. తీసి జిప్ అని పెట్టమన్నది. ఆ చివరి అక్షరాలు కనబడాలంటే ఫోల్డరులో వ్యూ కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్కు పెట్టాలి. ఈ రకం ఫైలు నిజానికి ఒక మూటేనట. విప్పితే పి.పి.టి. అనే ఫోల్డరు, అందులో మీడియా అనే ఫోల్డరు, అందులో ఫొటోలు. మూటే చిరిగిపోతే విప్పడానికీ రాదు. పాత పి.పి.టి. ఫైళ్ళకు ఈ ఉపాయం పనికిరాదు.

తొమ్మిది ఫొటోలు వచ్చాయి. మూడవది అటెండరుగారిది. రాని రెండింటిని వారి పిల్లలు ఇక్కడి నుంచే వాట్సాప్‌లో పంపారు. వివరాలు మన సభ్యత్వ రిజిస్టరు చూసి మళ్ళీ కొట్టాను. అప్పుడు తెలిసింది, రాత్రి ఒకరి పదవీ విరమణ సంవత్సరం తప్పు వేశానని.

స్లైడు వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడ్డారు. మీరందరూ చూశారు.

అధ్యక్షులవారు గంట కొడుతున్నారు. ఎవరికైనా ఫైలు పోతే వెనుక బల్ల దగ్గర కూర్చుంటాను, రండి. సెలవు.