తప్పుకు కారణం తెలిస్తే
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



నలుగురికీ పనికివచ్చే మాటలేవైనా చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను పండితుణ్ణి కాను. మన షోలాపూరులో సాయంత్రంపూట పిల్లలకు లెక్కలు చెప్పుకొనే ప్రైవేటు మాస్టారును. నాకు తెలిసిన ఆ ఒక్క సంగతే విన్నవించుకుంటాను.

మా నాన్నగారు మరమగ్గం మీద చద్దర్లు నేసేవారు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. రెండవ తరగతిలో ఒకనాడు పంతులుగారు ‘పంచ్‌వీస్’ వ్రాయమన్నారు. నేను పలకమీద 52 వేశాను. ‘చోవీస్’ అంటే 42 వేశాను. తరగతి అంతా నవ్వింది. “వీడికి లెక్కలు రావు” అన్నారాయన. ఆ మాట నాలుగేండ్లు నన్ను వదలలేదు. తెలిసిన జవాబు కూడ నోరు దాటి వచ్చేది కాదు.

ఇంతకూ నా తప్పేమిటి? తెలుగులో ‘ఇరవై అయిదు’ అంటాము. పదులు ముందు, ఒకట్లు వెనుక. అంకెలు వ్రాసే వరుస కూడ అదే. మరాఠీలో అయిదు ముందు పలికి, ఇరవై తరువాత పలుకుతారు. విన్నది విన్నట్టు వ్రాసిన పిల్లవాడు 52 వేయక ఏం చేస్తాడు? ఇక 29 ‘ఏకోణ్‌తీస్’, అనగా ఒకటి తక్కువ ముప్పై. 31 ‘ఏకతీస్’. ఈ రెండూ కలగాపులగం కావడంలో వింత ఏమున్నది?

ఈ చిక్కు మన పిల్లలకే పరిమితం కాదు. 2019లో బాలభారతివారు రెండవ తరగతి గణిత పుస్తకంలో ‘వీస్ ఏక్’, ‘వీస్ దోన్’ అని పదులు ముందుగా చదివే పద్ధతిని ప్రవేశపెట్టారు. దానిమీద పెద్ద వాదోపవాదాలే జరిగాయి. పెద్దలే అంతగా వాదించుకొన్న విషయంలో తడబడిన పసివాణ్ణి మొద్దు అనడం న్యాయమా?

మొదట్లో నేను పిల్లలకు ధైర్యం కలిగించాలని ప్రతిదానికీ “శభాష్” అనేవాణ్ణి. ఆ ధైర్యం బడి గడప దాటగానే ఆవిరయ్యేది. ఉత్త పొగడ్తను పిల్లలు ఇట్టే పసిగడతారు. అప్పటినుంచి తప్పు కనబడితే కొట్టివేయను. “ఇదెట్ల వచ్చింది బిడ్డా? తెలుగులోనే చెప్పు” అని అడుగుతాను.

మూడవ తరగతి చదివే ఒక అమ్మాయి నావలెనే 52 వేసింది. “వినాయక చవితినాడు పూజకు ఎన్ని పత్రాలు?” అన్నాను. “ఇరవై ఒకటి” అన్నది. “అయ్యవారు దాన్ని ఏకవింశతి అంటారు. ఏక ముందా, వింశతి ముందా?” ఆ పిల్ల క్షణం ఆలోచించి, “అయితే మరాఠీవాళ్ళు గూడ ఎనుకనుంచి పిలుస్తరు సార్!” అని పకపక నవ్వింది. నాటినుంచి ప్రతి సంఖ్యనూ విని, తెలుగులో అనుకొని, ఆపైన వ్రాసేది.

కొన్నాళ్ళకు, ఒక తువాలు 29 రూపాయలైతే ఆరు తువాళ్ళెంత అని అడిగాను. తక్కినవారు పలకలు అందుకొనే లోపల ఆ పిల్ల “174” అన్నది. ఎట్లా అంటే, “ముప్పై ఆర్లు 180, అందుల ఆరు తీస్తే సరి. ఏకోణ్‌తీస్ అని పేరులోనే ఉన్నది గద సార్!” అన్నది. తనను భయపెట్టిన మాటే తనకు పనిముట్టయింది. ఆనాడు నేను అనకుండానే తోటి పిల్లలు “శభాష్” అన్నారు.

తల్లిదండ్రులకు నా మనవి రెండే మాటలు. బడి మరాఠీ అని ఇంట్లో తెలుగు మానవద్దు. ఆ తెలుగే బిడ్డకు నిలుచుండే నేల. తప్పు చేసినప్పుడు నలుగురిలో మొద్దు అనక, “ఎట్ల చేసినవు?” అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి అక్షరం రాని తల్లికి కూడ అర్హత ఉన్నది. మా అమ్మ అడిగి ఉంటే నాకు నాలుగేండ్లు మిగిలేవి. ఆమెకు అది అడగవచ్చునని ఎవ్వరూ చెప్పలేదు. అందుకే నేడు మీకు చెప్పుతున్నాను.