శాఖా విద్యార్థి మండలి: మదనపల్లె నుంచి కుప్పం దాకా
(మదనపల్లెలో చేసిన అనీబిసెంట్ స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)



అనీబిసెంట్ పేరు మీద ఈ ఊళ్లో మాట్లాడమంటే దివ్యజ్ఞానం గురించో హోమ్‌రూల్ గురించో చెప్పడం ఆనవాయితీ. నేను చాలా చిన్నదిగా కనబడే విషయం ఒకటి ఎంచుకున్నాను. విశ్వవిద్యాలయంలో ఒక శాఖ ఉంటుంది. అందులో యాభై మందో అరవై మందో పిల్లలు చదువుతుంటారు. ల్యాబు తాళం సాయంత్రం నాలుగుకే పడిపోతున్నా, ఇంటర్నల్ మార్కులు గోడ మీద పెట్టకపోయినా, వాళ్లందరి తరఫున హెచ్‌వోడీ గదిలోకి వెళ్లి నిలబడేది ఎవరు? ఆ మనిషిని ఎంచుకున్నది ఎవరు? లోపల ఏం మాట్లాడాడో బయటికొచ్చి ఎవరికి చెప్పాలి? ఈ మూడో ప్రశ్నే నాకు ముఖ్యం. శాఖా విద్యార్థి మండలి చరిత్ర అంతా ఈ ప్రశ్నకు మనవాళ్లు చెప్పిన, చెప్పకుండా దాటేసిన జవాబుల చరిత్రే.

ఆ చరిత్ర మన గడ్డ మీద 1915లో మొదలవుతుంది. మదనపల్లెలోని ఈ కళాశాలను బిసెంట్ స్థాపించిన ఏడాది అది. అదే ఏడాది ఆవిడ చెన్నపట్నంలో ‘మద్రాస్ పార్లమెంట్’ అని ఒక సభను నెలకొల్పారు. అందులో సభ్యులు బిల్లులు తయారుచేసి, ప్రవేశపెట్టి, చర్చించి, ఓటు వేసేవారు. పంచాయతీల మీద కూడా బిల్లు తెచ్చి వాదించుకున్నారు. ఆ బిల్లులేవీ చట్టాలు కావని అందరికీ తెలుసు. అయినా సభా మర్యాద, సవరణ ప్రతిపాదన, ఓడిపోయినవాడు ఓటమిని ఒప్పుకోవడం ఇవన్నీ చేసి నేర్చుకోవలసినవని ఆవిడ పట్టుదల. స్వపరిపాలన అడిగేవాళ్లు ముందు దాన్ని సాధన చేయాలి. మదనపల్లె కళాశాలనూ ఆ సాధనకు చోటుగానే ఆవిడ చూశారని నేను నమ్ముతాను.

1917లో ఆవిడ పట్టుదలకు పరీక్ష వచ్చింది. విద్యార్థులు రాజకీయ సభలకు వెళ్లరాదని మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గవర్నరు పెంట్లాండ్. జూన్‌లో బిసెంట్‌ను, ఆమె సహచరులు అరండేల్‌ను, వాడియాను నిర్బంధించారు. హోమ్‌రూల్ గాలి మదనపల్లెకూ తాకింది. మద్రాసు విశ్వవిద్యాలయంతో ఈ కళాశాలకున్న బంధం తెగిపోయింది. గుర్తింపు పోవడమంటే ఏమిటో ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులకు నేను చెప్పక్కర్లేదు. పిల్లవాడి డిగ్రీ గాలిలో వేలాడుతుంది. ఆ స్థితిలో కళాశాల అడయారులో బిసెంట్ పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయం నీడకు చేరింది. దానికి ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్.

అందుకే 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె రావడాన్ని ఒక కవి విశ్రాంతి కోసం కొండ ఊరికి వచ్చినట్టు మాత్రమే చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. ఒక ఛాన్సలర్ తన విద్యార్థుల మధ్యకు వచ్చాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ మనిషి. చెన్నపట్నంలో ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేస్తూ ఐరిష్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి ఉద్యోగం పోగొట్టుకుని ఇక్కడికి వచ్చినవాడు. వారంలో ఒక సాయంత్రం విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి కూర్చుని పాటలు పాడుకునే అలవాటు కళాశాలలో ఉండేది. ఆ కూటమిలోనే ఠాగూర్ జనగణమన పాడారు. ఫిబ్రవరి 28న దాని ఆంగ్ల అనువాదం ఇక్కడే రాసిచ్చారు. స్వరం కుదిర్చింది ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్. ఆ పాట కళాశాల ప్రార్థనా గీతం అయింది.

మార్గరెట్ గురించి ఇంకొక్క మాట. 1917 డిసెంబరులో భారత స్త్రీలకు ఓటు హక్కు కావాలని భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసిన మహిళా ప్రతినిధి బృందం వెనుక ఉన్నది ఆమే. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీల ఓటును ఒప్పుకుంది. ఓటు అనే మాటకు అంత బరువిచ్చిన మనిషి మన ఊరి బడిలో పాఠాలు చెప్పింది. అయితే ఆ కాలం మనకు పాటను మిగిల్చింది. విద్యార్థి మండలిని, దాని నియమావళిని తర్వాతి తరాలు వెతుక్కోవలసి వచ్చింది.

ఆ వెతుకులాటలో మొదట దొరికింది ‘అసోసియేషన్’. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక మన ప్రాంతపు కళాశాలల్లో చదివినవాళ్లందరికీ ఇది పరిచయమే. తెలుగు అసోసియేషన్, ఎకనామిక్స్ అసోసియేషన్, కెమిస్ట్రీ అసోసియేషన్. శాఖాధిపతి అధ్యక్షుడు. ఒక లెక్చరర్ ఉపాధ్యక్షుడు. విద్యార్థుల్లోంచి కార్యదర్శి, సహాయ కార్యదర్శి, తరగతికొక ప్రతినిధి. ఏడాదికి ఒక ప్రారంభోత్సవం, ఒక అతిథి ఉపన్యాసం, వ్యాసరచన పోటీ, అసోసియేషన్ డే, ఫేర్‌వెల్, గ్రూప్ ఫోటో. కార్యదర్శి పదవి చాలాచోట్ల మొదటి మార్కు వచ్చినవాడికి దక్కేది. ఓటు పెట్టిన శాఖలూ ఉండేవి, కానీ అది శాఖాధిపతి స్వభావాన్ని బట్టి నడిచేది.

ఈ ఏర్పాటులో మంచి లేదని నేను అనను. పుంగనూరు చుట్టుపక్కల పల్లె నుంచి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్ల మైకు ముందు నిలబడి వందన సమర్పణ చెప్పింది అక్కడే. ఆహ్వానపత్రం రాయడం, చందా లెక్క కట్టడం, వచ్చిన అతిథిని బస్టాండు నుంచి తీసుకురావడం నేర్చింది అక్కడే. లోపం ఒకటే. కార్యదర్శి ఎవరివల్ల పదవిలోకి వచ్చాడో వాళ్లకే జవాబు చెప్పుకుంటాడు. శాఖాధిపతి వల్ల వచ్చినవాడు శాఖాధిపతి ముఖం చూస్తాడు. ల్యాబు తాళం గురించి అడగమని తరగతి చెప్పినా గొంతు లేవదు.

శాఖలో లేవని గొంతు యూనియన్‌లో లేచింది. తిరుపతి క్యాంపస్‌లో 1970లలో విద్యార్థి సంఘ ఎన్నికలు ఎంత హోరాహోరీగా జరిగేవో ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1989 నుంచి కుప్పానికి ప్రాతినిధ్యం వహిస్తున్న నారా చంద్రబాబు నాయుడు, 2009 నుంచి పుంగనూరు నుంచి గెలుస్తూ వచ్చిన పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి, ఇద్దరూ ఆ క్యాంపస్ విద్యార్థి రాజకీయాల్లోంచి వచ్చినవారే. పార్టీలు పక్కన పెట్టి ఆలోచించండి. ఈ రెండు ఊళ్ల ప్రజాజీవితం మీద ఒక విద్యార్థి సంఘపు నీడ ఇంత పొడుగున పడింది.

దానికి చీకటి వైపు కూడా ఉంది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని పొడిచి చంపారు. హాస్టళ్లలో కులం చూసి గదులు పంచుకోవడం, నామినేషన్ వేసినవాణ్ణి ఎత్తుకుపోవడం, బయటి పార్టీల డబ్బు ఇవన్నీ కలిసి యూనియన్ అంటే తల్లిదండ్రులు భయపడే రోజు వచ్చింది. 1980ల చివరికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎన్నికలు ఆగిపోయాయి. అప్పటి నుంచి మళ్లీ ఆ ద్వారం తెరుచుకోలేదు. దాదాపు అదే కాలంలో 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. అది అమల్లోకి వచ్చింది 1989 మార్చి 28న. పార్లమెంటుకు ఎవరు వెళ్లాలో తేల్చగలిగిన మదనపల్లె డిగ్రీ విద్యార్థికి తన శాఖకు కార్యదర్శి ఎవరో తేల్చే హక్కు లేకుండా పోయింది. హింస యూనియన్‌లో జరిగింది. శిక్ష మాత్రం ఏ గొడవా ఎరగని చిన్న శాఖల మీద కూడా పడింది. ఇది అన్యాయమని ఈ వేదిక మీద నుంచి స్పష్టంగా చెప్పదలిచాను.

ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ నిశ్శబ్దంలో పుట్టింది. 1997లో శాసనసభ చట్టంతో, తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాల సహకారంతో కుప్పంలో వెలిసింది. ఆ ఊరు ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక కలిసే చోటు. తెలుగు, తమిళం, కన్నడం, జానపద గిరిజన అధ్యయనం, భాషాశాస్త్రం ఇలా చిన్న చిన్న శాఖలు. ఒకే వరండాలో నాలుగు భాషల పిల్లలు తిరిగే విశ్వవిద్యాలయాలు దేశంలో ఎన్నో లేవు. శాఖా మండలికి ఇంతకంటే అనువైన చోటు నాకు కనిపించదు. వంద మంది కూడా లేని శాఖలో ఎవరు నమ్మకస్తులో అందరికీ తెలుసు. అక్కడ డబ్బు పంచి గెలవడం కష్టం. గెలిచినవాడు రోజూ అదే మెస్సులో అదే బల్ల దగ్గర కూర్చోవాలి.

విద్యార్థి సంఘాల ఎన్నికల మీద సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన లింగ్డో కమిటీ కూడా ఈ దిశలోనే ఆలోచించింది. 2006 మేలో నివేదిక వచ్చింది, సెప్టెంబరు 22న కోర్టు దాన్ని అమలు చేయమంది. ఐదు వేల రూపాయలకు మించిన ఖర్చు వద్దు. అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే. నామినేషన్ నుంచి ఫలితం దాకా పది రోజులు దాటకూడదు. 75 శాతం హాజరు ఉండాలి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. ఆఫీసు పదవికి జీవితంలో ఒక్కసారే పోటీ. ఫలితం వచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేసిన లెక్క చూపాలి. ఈ నియమాల గురించి పత్రికల్లో చాలా వచ్చింది. తక్కువగా చెప్పుకున్నవి రెండున్నాయి. పెద్ద విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు ముందు తరగతుల, కళాశాలల ప్రతినిధులను నేరుగా ఎన్నుకుని, ఆ ప్రతినిధులు పై సంఘాన్ని ఎన్నుకోవచ్చని కమిటీ చెప్పింది. అంటే పునాది కింది స్థాయే. రెండోది, వాతావరణం బాగాలేని చోట నామినేషన్ పద్ధతి తాత్కాలికంగా నడపొచ్చు గాని, ఐదేళ్లలో ఎన్నికకు మారాలి అంది. ఆ ఐదేళ్లు 2011కే అయిపోయాయి.

అనంతపురంలో 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం చూడండి. అది 2009 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం వెంటనున్న నిబంధనల్లో విద్యార్థి మండలి రూపం రాసే ఉంది. విద్యార్థి సంక్షేమ డీన్ అధ్యక్షుడు. చదువులో, ఆటల్లో, ఇతర రంగాల్లో ప్రతిభను బట్టి అకడమిక్ కౌన్సిల్ నామినేట్ చేసే ఇరవై మంది. విద్యార్థులు ఎన్నుకునే ఇరవై మంది. ఏడాదికి ఒక్కసారైనా సమావేశం. సగం వాళ్లూ సగం వీళ్లూ అనే ఈ రాజీ నాకు పూర్తిగా నచ్చదు. అయినా కాగితం మీద ఎన్నిక అనే మాట ఉంది, ఇరవై కుర్చీలున్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పిల్లలు ఆ మాటను చూపించి అడగవచ్చు.

ఢిల్లీ జేఎన్‌యూలో ఇంకా కిందికి వెళ్లారు. ప్రతి సెంటర్‌లోనూ విద్యార్థులు, అధ్యాపకులు కలిసి కూర్చునే కమిటీలు పెట్టుకున్నారు. అందులో విద్యార్థి సభ్యుల్ని విద్యార్థులే ఎన్నుకునేవారు. సంఘం ఎన్నికలు నడిపే కమిషన్ కూడా విద్యార్థులదే. జర్మనీలో ఒక శాఖలో చేరిన ప్రతి విద్యార్థీ ఆ శాఖ విద్యార్థి సమూహంలో తనంతట తానే సభ్యుడవుతాడు. ఏటా తమలోంచి ఒక మండలిని ఎన్నుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలో దారి చూపేది ఆ మండలే. ఇటలీలోని బొలోన్యాలో మధ్యయుగంలో విద్యార్థులే రెక్టరును ఎన్నుకునేవారు, పాఠానికి ఆలస్యంగా వచ్చిన గురువుకు జరిమానా కూడా వేసేవారు. మనం అంత దూరం వెళ్లమని ఎవరూ అడగడం లేదు.

ఇప్పుడు పని విషయానికి వస్తాను. నా దృష్టిలో కుప్పంలోనో మదనపల్లెలోనో ఒక శాఖా మండలి ఇలా నడవాలి. ప్రతి తరగతి నుంచి ఇద్దరు, అందులో ఒకరు అమ్మాయి. ఇప్పుడున్న తరగతి ప్రతినిధుల (సీఆర్‌ల) వ్యవస్థనే వాడుకోవచ్చు, కానీ సీఆర్‌ను చేతులెత్తించి కాదు, చీటీ వేసి ఎన్నుకోవాలి. చేతులెత్తే చోట కులం, ఊరు, ముందు బెంచీ చూస్తున్నాయి. పరిశోధక విద్యార్థులకు విడిగా ఒక స్థానం ఉండాలి, ఎందుకంటే వాళ్ల గైడుతో వాళ్లకుండే ఇబ్బంది పీజీ పిల్లలకు తెలియదు. నెలకొక సమావేశం, మినిట్స్ పుస్తకం, అది నోటీసు బోర్డు మీద. చందా వసూలు చేస్తే రసీదు, ఫ్రెషర్స్ డే అయిన వారంలోగా ఖర్చుల పట్టిక. కోశాధికారి సంతకంతో పాటు ఒక అధ్యాపకుడి సంతకం. ప్రతినిధి తరగతి నమ్మకం పోగొట్టుకుంటే వెనక్కి పిలిచే నియమం. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ అలంకారమే.

అధికారులు కళాశాలల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం వచ్చే ముందు విద్యార్థి మండలి కాగితాలు వెతుకుతారు. విద్యార్థి మండలి ఉందా, ఏం చేసింది అని న్యాక్ అడుగుతుంది కనుక. అప్పటికప్పుడు పేర్లు రాసి సంతకాలు పెట్టించే మండలి వల్ల ఎవరికీ మేలు లేదు. యూజీసీ నిబంధనలే రెండు రకాలుగా మాట్లాడుతున్నాయి. 2023 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో విద్యార్థి ప్రతినిధి ఒక ప్రత్యేక ఆహ్వానితుడు, ప్రతిభను చూసి సంస్థ నామినేట్ చేస్తుంది. కానీ 2015 నాటి లైంగిక వేధింపుల నివారణ నిబంధనల్లో, విద్యార్థులకు సంబంధించిన వ్యవహారమైతే అంతర్గత కమిటీలో ముగ్గురు విద్యార్థులు ఉండాలి. డిగ్రీ నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, పరిశోధన నుంచి ఒకరు. వాళ్లను పారదర్శకమైన ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నుకోవాలని అక్కడ రాసి ఉంది.

అంటే ఎన్నికలు లేవు, ఉండకూడదు అనుకుంటున్న మన క్యాంపస్‌లలో ఒక ఎన్నిక ఏళ్ల తరబడి నిబంధనల ప్రకారమే తప్పనిసరి. కుప్పం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థులారా, పుంగనూరు డిగ్రీ కళాశాల పిల్లలారా, మీ సంస్థలో ఆ కమిటీ జాబితా ఎక్కడ అంటించారో రేపు చూడండి. అందులో మీకు వర్తించే స్థానంలో ఉన్న విద్యార్థి పేరు చదవండి. ఆ పేరుకు మీరు ఎప్పుడు, ఏ తరగతి గదిలో ఓటు వేశారో ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ రాసి అడగండి. అర్జీ మీద ఒక్కరి సంతకం కాదు, తరగతి అంతా పెట్టండి. నకలు ఒకటి మీ శాఖ మినిట్స్ పుస్తకంలో అంటించండి. మినిట్స్ పుస్తకం లేకపోతే, ఆ అర్జీతోనే మొదటి పేజీ మొదలుపెట్టండి.