లోకాంతర దండయాత్రలు – బలవంతుని ధర్మము
(అచ్యుతాపురము గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



గ్రహాంతరవాసులు భూమిపై దండెత్తు నవలలు పిల్లల కాలక్షేపమునకే గాని గ్రంథాలయమునకు తగవని కొందఱు పెద్దలందురు. పోతన భాగవతమున అష్టమస్కంధము చదివినవారికి ఈ కథావస్తువు క్రొత్త గాదు. దేవదానవులు పాలకడలిని చిలుకుటకై సంధి చేసికొనిరి. అమృతము వెలువడినంతనే సంధి చెడి సమరము సాగినది. పిమ్మట బలిచక్రవర్తి అమరావతిని ముట్టడింపగా, బృహస్పతి యుపదేశమున దేవతలు పోరకయే పురము విడిచిరి. లోకముల నడుమ రాజనీతి యన నిదియే గదా!

1898లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ అను నవలను గ్రంథరూపమున వెలువరించెను. అందు అంగారకవాసులు ఇంగ్లండుపై బడి, ఫిరంగులకు చాలవఱకు లొంగక, తుదకు కంటికి గానరాని సూక్ష్మజీవులచే నశింతురు. అయినను వారిని నిందించుటకు ముందు, ఐరోపావారు టాస్మేనియా ద్వీపవాసులను రూపుమాపిన తీరు తలచుకొనుడని వెల్స్ తన పాఠకులనే హెచ్చరించెను. నాడు బ్రిటిషు సామ్రాజ్యము మన దేశమును గూడ ఏలుచుండెను.

దండెత్తి గెలిచిన బలి, శుక్రాచార్యుడు వారించినను ఆడిన మాట తప్పక, సర్వమును ధారవోసి పూజ్యుడయ్యెను. బలముగలవాడు దేనికి కట్టుబడవలెనని రెండు గ్రంథములును అడుగుచున్నవి. అట్టి ప్రశ్న వేయు నవలకు భాగవతము ప్రక్కనే బీరువాలో చోటొసగుట గ్రంథాలయ ధర్మము. మన యువకులు రెంటిని చదువుదురు గాక!