మనోవ్యథయు, సమాజమున మనిషి స్థానమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



దేహమునకు జబ్బు చేసినచో వైద్యుని కడకు పోవుదుము. మనస్సునకు జబ్బు చేసినచో తలవ్రాత యందుము. గాలి సోకిన దందుము. లేదా పిరికితన మని తీసివేయుదుము. ఈ మూడు మాటలలోను ఆ బాధలో సమాజమునకు గల పాలు మరుగున పడిపోవుచున్నది. దానిని వెలికిదీయుటయే సమాజశాస్త్రజ్ఞుల పని.

ఈ పనికి మన హైదరాబాదులో మంచి పునాది కలదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము తార్నాక ప్రక్కనే యున్నది. అచ్చట అధ్యాపకులుగా నుండిన శ్యామాచరణ్ దూబేగారు 1951-52లో తమ బృందముతో శామీర్‌పేట గ్రామమునకు పోయి, అచ్చటి జనజీవనమును పరిశీలించి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అను ఆంగ్ల గ్రంథమును ప్రకటించిరి. గ్రామములో మనిషి అంతస్తును ఆరు విషయములు నిర్ణయించుచున్నవని వారు చూపిరి: మతకులములు, భూమి, ధనము, సర్కారు కొలువులోను గ్రామవ్యవస్థలోను గల పదవి, వయస్సు, విశిష్టమైన వ్యక్తిగుణములు. ఇందు మొదటిది పుట్టుకతోనే వచ్చును; తరువాతి రెండును తరచుగా పుట్టుకను బట్టియే వచ్చును. మనిషి తన కష్టముచే మార్చుకొనగలది కొంచెమే.

ఈ మెట్లు ఎట్లున్నవో దూబేగారు చెప్పిరి. అవి ఆరోగ్యమును ఎట్లు తాకునో తరువాతివారు చెప్పిరి. నేడు జాతీయ పోషకాహార సంస్థ యనబడు పరిశోధనాలయము 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చినది, తార్నాకలో నున్నది. ఆ సంస్థవారు 1987-90 నడుమ నగర సమీపమున 29 గ్రామములను పరిశీలించిరి. 15 గ్రామములలో గర్భిణులకును పసిబిడ్డలకును అదనపు ఆహార మందెను. తక్కిన 14 గ్రామముల కప్పటి కందలేదు. ఆ బిడ్డలు 13-18 ఏండ్ల ప్రాయమునకు వచ్చిన పిదప మరల చూడగా, ఆహార మందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుండిరి. వారి రక్తనాళములలో బిరుసుతనము తక్కువగా నుండెను. ఈ ఫలితములు 2008లో వెలువడెను. పసితనపు లేమిని దేహము మరువదు.

తిండి చాలినంత యున్నచో సరిపోవునా? చాలదని లండనులోని పరిశోధన తెలిపినది. అచ్చట 1967లో ఆరంభమైన పరిశీలనలో సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులు చేరిరి. అందరికిని నెలజీతము కలదు. ఐనను అట్టడుగు తరగతివారు పై అధికారులకంటె మూడు రెట్లకు పైగా గుండెజబ్బుతో మరణించిరి. పొగత్రాగుట మొదలైన అలవాట్లు ఈ తేడాలో కొంత భాగమునకే కారణములు. 1985లో మొదలైన రెండవ పరిశీలనలో మైకేల్ మార్మట్ గారును, వారి తోడివారును మరియొక ముఖ్యకారణమును కనుగొనిరి: తన పనిపై తనకు అధికారము లేకపోవుట.

ఆపద వచ్చినపుడు గుండె వేగముగా కొట్టుకొనును. ఆపద తొలగినంతనే నెమ్మదించును. ప్రతిదినము అవమానమో అప్పుల భయమో వెన్నాడువానికి ఆ నెమ్మది దొరకదు. ఎద్దు మెడనుండి సాయంకాలమున కాడి దింపుదురు. కౌలురైతు మెడపై నున్న అప్పుల కాడి రాత్రియు దిగదు.

మనోవ్యాధులు కలవారికిని వచ్చును; వంశముచేతను వచ్చును. ఐనను 2015-16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, పెద్దవారిలో నూటికి సుమారు పదిమంది ఇట్టి బాధలతో నున్నట్లును, తక్కువ ఆదాయము గలవారిలో ఇవి హెచ్చుగా నున్నట్లును తేలినది. పలు వ్యాధులలో నూటికి డెబ్బదిమందికి పైగా చికిత్సయే అందుటలేదు.

చట్టము కొంత మేలుకొన్నది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవాడని భావింపవలెననియు, ప్రభుత్వము వానికి చికిత్సయు సంరక్షణయు కల్పింపవలెననియు 2017నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము విధించినది. 2022లో ‘టెలి మానస్’ సేవ ప్రారంభమైనది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ఖర్చు లేకుండ సలహా లభించును.

గ్రామము చేయవలసిన పనియు కలదు. మందు వైద్యు డీయవలెను. మర్యాద మాత్రము ఇరుగుపొరుగువారే ఈయవలెను. గ్రంథాలయములో ఒకే బల్లయొద్ద భూస్వామి కుమారుడును, కూలివాని కుమార్తెయు ఒకే పత్రికను చదువవచ్చును. ఆ సమానత్వము గడప దాటి బావికడకును, పొలముగట్టునకును, పంచాయతి అరుగుమీదికిని పోవలెను. ఈ రజతోత్సవ దినముననే 14416 అను అంకెలను గ్రంథాలయపు గోడపై అందరికిని కనబడునట్లు వ్రాయింపుడు. బాధపడుచున్నవానిని పిరికివాడనుటకు ముందు, వాని మెడపై ఏ కాడి యున్నదో అడిగి తెలిసికొనుడు.