జెరేనియములో క్రొత్త రకమును పుట్టించు విధము
(రైతుల సభలో చదివిన ఉపన్యాసము)



నేను వ్యవసాయ శాస్త్రము నభ్యసించినవాడను కాను. రెవెన్యూ శాఖలో కాగితములను తెనుగు చేయుట నా వృత్తి. పెరటిలో కొన్ని పూలకుండీలను పెంచుటయు, వాటిని గూర్చిన గ్రంథములను చదువుటయు నాకు అలవాటు. వరియు జొన్నయు పండించు మీకు పూలకుండీ కథ యేల యని మీరడుగవచ్చును. క్రొత్త రకమును పుట్టించుటలోని మూలసూత్రములు పువ్వునకును పైరునకును ఒక్కటియే. తల్లిమొక్క రోగము పిల్లమొక్కకు ఎట్లు దిగివచ్చునో కూడ ఈ మొక్క స్పష్టముగా చూపును. కావున కొంతసేపు ఆలకింప ప్రార్థించుచున్నాను.

తోటలలో మనము జెరేనియమని పిలుచునది శాస్త్రజ్ఞుల లెక్కలో పెలార్గోనియము. 1753వ సంవత్సరమున లిన్నేయసు పండితుడు ఈ రెండు జాతులను ఒకే పేరున చేర్చెను. 1789లో లెరిటియే అను ఫ్రెంచి పండితుడు వాటిని వేరుపరచెను. తోటమాలులు మాత్రము పాత పేరును విడువలేదు. దీని పుట్టినిల్లు దక్షిణాఫ్రికా. ఆకుమీద గుఱ్ఱపు నాడావంటి వలయము గల రకములు ముఖ్యముగా రెండు అడవి జాతుల సంకరమువలన కలిగినవి. తీవ్రమైన ఎండయు, ఎడతెగని వానయు ఈ మొక్కకు సరిపడవు. చలిదేశములవారు శీతకాలమున గాజు ఇండ్లలో దీనిని పెంచి, వెచ్చని దినములు రాగానే తోటలలో నాటుదురు. కావున క్రొత్త రకము గాజు ఇంటిలోను, ఆరుబయటను కూడ నెగ్గవలసియున్నది.

ఈ మొక్కను పెంచుటకు రెండు మార్గములు కలవు. కొమ్మ ముక్కను నాటుట మొదటిది. ఇందు తల్లి యెట్టిదో పిల్లయు అట్టిదే యగును. అదియే దీని లాభము, అదియే దీని అపాయము. తల్లి కాండములో రోగమున్నచో అదియు పిల్లకు సంక్రమించును.

నా అనుభవమొకటి మనవి చేసెదను. ఒక యేడు నా కుండీలలో నొకదాని ఆకుల అంచున పసుపుపచ్చని ముక్కోణపు మచ్చలు కనబడినవి. పిదప కొమ్మలు ఒక్కొక్కటిగా వాడసాగినవి. పువ్వు మిక్కిలి అందమైనది గనుక, ఇంకను పచ్చగానున్న కొమ్మలను కోసి ఆరు కుండీలలో నాటితిని. అదే కత్తితో ఆరోగ్యముగానున్న ఇతర మొక్కలను కూడ కత్తిరించితిని. ఆరును చచ్చినవి, కత్తి తగిలిన వాటిలో అనేకములు వాటి వెంబడి పోయినవి. ఇందు తప్పు మొక్కది కాదు, నాది. ఇట్టి లక్షణములు గల తెగులును జాంథోమోనాసు అను బాక్టీరియా కలిగించునని పిదప చదివి తెలిసికొంటిని.

పెద్ద వ్యాపారులకును ఈ ఆపద తప్పలేదు. 2003లో కెన్యా దేశమునుండి అమెరికాకు వచ్చిన జెరేనియము కొమ్మలతో రాల్‌స్టోనియా అను మరియొక బాక్టీరియా దిగుమతి అయినది. ఆలుగడ్డకు గోధుమ కుళ్లు కలిగించునదియు అదియే. దాని దగ్గరి తెగవే మన వంగ, టమాటా తోటలలో ఎండు తెగులును తెచ్చును. దానిని అరికట్టుటకై అచ్చట లక్షలకొలది మొక్కలను నాశనము చేయవలసి వచ్చినది. అందుచేతనే జాగ్రత్తపరులు తల్లికొమ్మనుండి పలుచని బిళ్లలు కోసి, పోషక ద్రవములో ఉంచి, బాక్టీరియా పెరుగునేమో కొన్నాళ్లు పరీక్షింతురు. పెరిగినచో ఆ తల్లి యెంత అందమైనదైనను పారవేయుదురు.

రెండవ మార్గము విత్తనము. తల్లికొమ్మతో తెగులు దిగివచ్చు త్రోవ దీనితో మూసికొనును. అయితే జెరేనియము విత్తనమునకు చిక్కులు రెండు. పై పొట్టు గట్టిది గనుక నీరు లోనికి దిగదు. మొలకలు ఒకేసారి రావు. ఒకే తల్లి విత్తనములనుండి పలువిధముల మొక్కలు పుట్టును. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేటు విశ్వవిద్యాలయమున రిచర్డు క్రెయిగు ప్రభృతులు ఈ చిక్కులను పరిశోధించి, 1960 తరువాతి తొలి యేండ్లలో "నిట్టనీ లయన్ రెడ్" అను ఎఱ్ఱపూల రకమును వెలువరించిరి. విత్తనముతో పెంచినను తల్లిని పోలియుండు రకములలో ఇది మొదటిదని పేరుగాంచినది. విత్తనపు పొట్టును కొంచెము గీరినచో మొలక సమముగా వచ్చును.

ఇక సంకరము చేయు విధము. ఈ పువ్వులో పుప్పొడి తిత్తులు ముందుగా పగులును. ఆడుభాగపు కొన తరువాత ఐదు పాయలుగా విచ్చుకొనును. కావున తల్లిగా ఎంచుకొన్న మొక్కపై, తిత్తులు పగులక ముందే, మొగ్గను మెల్లగా విప్పి సన్నని పట్టకారుతో వాటిని తీసివేయవలెను. పువ్వునకు పలుచని కాగితపు సంచి తొడుగవలెను. ఆడుభాగము ఐదు పాయలు విచ్చిన దినమున తండ్రిమొక్క పుప్పొడిని కుంచెతో అద్ది, తిరిగి సంచి తొడిగి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ వ్రాసిన చీటి కట్టవలెను. చీటి లేని సంకరము పట్టా లేని భూమివంటిది. కాయ కొంగముక్కువలె పొడుగై పండును. ఒక పువ్వునకు ఐదు విత్తనములకు మించి రావు. ప్రతి విత్తనమునకు ఈకవంటి తోక యుండును. గాలికి ఎగిరిపోకముందే కోసికొనవలెను.

ఇంకొక జాగ్రత్త. ఈ మొక్కలలో కొన్నిటి కణములందు 18 క్రోమోసోములు, కొన్నిటియందు 36 కలవు. ఈ రెండు తెగలను కలిపినచో పుట్టిన సంతతి తరచుగా గొడ్డుమొక్కలగును. సమాన తెగవానినే కలుపవలెను.

మొదటి తరములో దాగియున్న గుణములు రెండవ తరములో బయటపడును. 18 క్రోమోసోముల తెగలో, దాగియుండు గుణము ఒక్కటి కావలెనన్నచో సుమారు నాలుగు మొక్కలలో ఒకటి దొరకును. రెండు కలిసి కావలెనన్నచో పదునారింట ఒకటి. మూడైనచో అఱువదినాలుగింట ఒకటి. పది మొక్కలు పెంచి అదృష్టమును నిందించుట వ్యర్థము.

పుట్టిన మొక్కలను ఎంచుటయే అసలైన పని. గాజు ఇంటిలో పొట్టిగా, గుబురుగా, త్వరగా పూచునది మేలు. ఆలస్యమైనకొలది ఇంటిని వెచ్చగా నుంచు ఖర్చు పెరుగును. తోటలో ఎండవానలకు తాళవలెను. ఒంటిరేకుల పూలు త్వరగా రేకులు రాల్చును. ముద్దపూలు రేకులను నిలుపుకొనును గాని వానకు నానినచో కుళ్లును. కావున రెండు చోట్లను, ఒక యేడు గాక కొన్ని యేండ్లు పరీక్షించి, తప్పినవానిని నిర్దాక్షిణ్యముగా పెరికివేయవలెను. కంటికి ఇంపైన పువ్వును విడువలేనివాడు మంచి రకమును పుట్టింపలేడు.

సోదరులారా! మీరు జెరేనియము పెంచినను పెంచకున్నను, ఈ మాటను మీ చేనికి కొనిపొండు. చెఱకు ముచ్చెతో ఎఱ్ఱకుళ్లును, పసుపు విత్తనపు కొమ్ముతో దుంపకుళ్లును, అరటి పిలకతో వెఱ్ఱితలయు వచ్చును. ఎంత పండినదని మాత్రమే చూడక, తల్లి ఆరోగ్యమును ముందుగా చూడుడు. అనుమానమున్న తోటనుండి, అది బంధువులదైనను, నాటుముక్కను తేకుడు. మొక్క మొక్కకు మధ్య కత్తిని శుభ్రపరచుడు. ఆరు కుండీలు పోయిన పిమ్మట నేను నేర్చిన పాఠమును మీరు ఎకరములు పోగొట్టుకొని నేర్వనక్కఱలేదు.