ఆట అయ్యాక హాల్లోకి రండి

(ఈ ఏడాది డిగ్రీ, పీజీ కోర్సుల్లో చేరిన మన విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేం వార్డెన్లం. మా మాటలన్నీ సాధారణంగా రేషన్, హాజరు పట్టీ, జ్వరాలు, ఇంటికెళ్లే పర్మిషన్ల చుట్టూ తిరుగుతాయి. ఈ రోజు వాటిని పక్కన పెట్టి, మీ క్యాంపస్‌లో ఈ ఏడాది పొడుగునా జరగబోయే కార్యక్రమాల గురించి చెప్పమన్నారు. సాంస్కృతికం, చదువు, సేవ అని మూడు భాగాలు చేసి చెప్పమని నిర్వాహకుల కోరిక. అలా విడదీస్తే మనకే నష్టమని మా అనుభవం. అందుకే కలిపే చెబుతాం.

మీలో కొందరు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అది 1926లో పుట్టింది. కొందరు విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఎచ్చెర్లలో చేరినవాళ్లూ ఉన్నారు. క్యాంపస్ ఏదైనా నోటీసు బోర్డు మీద ఒక కాగితం మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. ‘గిరిజన విద్యార్థులు సంప్రదాయ దుస్తులలో ఉదయం 8 గంటలకు హాజరు కావలెను.’ పక్కనే ఇంకో కాగితం ఉంటుంది. సెమినార్, పత్ర సమర్పణకు ఆహ్వానం, చివరి తేదీ ఫలానా. మనవాళ్లు మొదటి కాగితం దగ్గర ఆగుతారు. రెండోది మనకోసం కాదనుకుంటారు. ఈ రోజు మా మాటంతా ఆ రెండో కాగితం గురించే.

కొన్నేళ్ల కిందట ఒక క్యాంపస్‌కి థింసా ఆడటానికి మా పిల్లల్ని తీసుకెళ్లాం. పేరెందుకులెండి. గిరిజనుల భూమి హక్కుల మీద సదస్సు అది. తొమ్మిదింటికి ముఖ్య అతిథి కారు దిగితే గేటు నుంచి వేదిక దాకా మన పిల్లలు ఆడుతూ తీసుకెళ్లారు. ఫొటోలు అయ్యాయి. టిఫిన్ పొట్లాలిచ్చి పదకొండింటికి బస్సెక్కమన్నారు. బస్సు ఛార్జీల కాగితం మీద సంతకం కోసం మేం హాల్లో వెనక నిలబడి ఉన్నాం. అప్పుడే వేదిక మీద మాట్లాడుతున్నాయన ఆగి, ‘ఏజెన్సీ గ్రామాల నుంచి వచ్చిన విద్యార్థులెవరైనా ఉన్నారా, వాళ్ల మాట విందాం’ అన్నాడు. నిజంగానే వినాలని అడిగాడు, ఆయన్ని తప్పుపట్టం. మాలో ఒకరు చెయ్యెత్తి ‘ఉన్నారు సార్, బయట బస్సెక్కుతున్నారు’ అన్నాం. హాలంతా నవ్వింది. మైకు ముందుకు పోయింది.

ఆ బస్సులో అనంతగిరి మండలం పిల్లలున్నారు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పుట్టింది ఆ బొర్రా గ్రామాల గనుల లీజుల వివాదంలోనే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదన్న తీర్పు అది. లోపల ఆ తీర్పు గురించి గంటన్నర మాట్లాడారు. ఆ కొండ కింద పుట్టిన పిల్లలు కిటికీ సీటు కోసం పోట్లాడుకుంటున్నారు. పిల్లలు కదా, పోట్లాడుకుంటారు. వాళ్లకి లోపలికి రమ్మని చెప్పినవాళ్లు లేరు.

అంటే ఆడొద్దనా? కాదమ్మా. ఆట మనది. మోరి, తుడుము, డప్పు వినిపిస్తే మాకిప్పటికీ కాలు నిలవదు. కానీ ఆడేటప్పుడు రెండు షరతులు పెట్టండి. మొదటిది, వాయిద్యగాళ్లను ఊరి నుంచి పిలిపించి, దారి ఖర్చూ కూలీ ఇవ్వమని అడగండి. సెల్‌ఫోన్‌లో పాట పెట్టి థింసా ఆడితే అది డ్రిల్లు. రెండోది, అద్దె దుకాణంలో తెచ్చిన ఈకల కిరీటాలు, ఆకుల లంగాలు కట్టుకోమంటే ఒప్పుకోకండి. మన అమ్మమ్మలు ఎవరూ అవి కట్టలేదు. మోకాలి కిందకి కట్టే చీర ఎలా కట్టాలో తెలియకపోతే ఇంటికి ఫోన్ చేసి అడగండి. ‘మా తెగ వేషం ఇది కాదు సార్’ అని మర్యాదగా చెబితే చాలామంది అధ్యాపకులు సంతోషిస్తారు కూడా. ఆట అయ్యాక బస్సు ఎప్పుడో ముందే కనుక్కుని, సాయంత్రం బస్సే కావాలని అడిగి, హాల్లోకి వెళ్లి ముందు వరసలో కూర్చోండి.

ఇక తేదీల సంగతి. ఆగస్టు 9 మీకు తెలుసు. 1982లో ఆదివాసుల హక్కుల మీద ఐక్యరాజ్య సమితి కార్యవర్గం మొదటిసారి కూర్చున్న రోజు. 1994లో ఆ తేదీని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా నిర్ణయించారు. నవంబర్ 15 బిర్సా ముండా పుట్టిన రోజు. 2021 నుంచి దేశమంతా జనజాతీయ గౌరవ దివస్‌గా జరుపుతున్నారు. ఈ రెండు రోజులూ మనల్ని పిలుస్తారు, సందేహం లేదు. పిలవని రోజుల గురించే మాకు ఎక్కువ పట్టింపు.

ఆగస్టు 29 తీసుకోండి. తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులు జయంతి. ప్రతి తెలుగు శాఖలోనూ ఆ రోజు సభ ఉంటుంది, వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలుంటాయి. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. సభలో ఈ ముక్క ఒక వాక్యంలో దాటిపోతుంది. సీతంపేట నుంచో భామిని నుంచో వెళ్లిన సవర పిల్ల ఆ రోజు లేచి అయిదు నిమిషాలు సవరలో మాట్లాడి, తానే తెలుగులో అర్థం చెబితే ఆ సభ వేరేగా ఉంటుంది. వారం ముందు శాఖాధిపతి గదికి వెళ్లి అడగాలి, అంతే. వద్దనే శాఖాధిపతిని మేమింతవరకు చూడలేదు. అడిగే పిల్లనే చూడలేదు.

డిసెంబర్ 22 రామానుజన్ జయంతి, జాతీయ గణిత దినోత్సవం. మనకేం పని అనుకుంటారు. సవర లెక్క ఎప్పుడైనా గమనించారా? తెలుగులో 13 అంటే పదీ మూడు. సవరలో 12 దగ్గర ఒక మజిలీ ఉంది. 13 అంటే పన్నెండూ ఒకటి, 19 అంటే పన్నెండూ ఏడు. 20 రాగానే ఇరవైల లెక్క మొదలవుతుంది. 39 అనాలంటే ఇరవై, పన్నెండు, ఏడు కలపాలి. ఇలా రెండు మెట్ల మీద నడిచే లెక్క గణితం చదివేవాళ్లకు చాలా అపురూపం. మీ తాత సంతలో చింతపండు అమ్ముతూ లెక్కపెట్టినదే. మేం టీచర్ ట్రైనింగ్‌లో పిల్లలకు లెక్కలు ఎలా చెప్పాలో నేర్చుకున్నాం గానీ, పిల్లలు ఇంటి నుంచి ఏ లెక్క తెచ్చుకుంటారో ఆ సిలబస్‌లో ఎక్కడా లేదు. మీరు అది పత్రంగా చదివితే ఆ సిలబస్ రాసేవాళ్లలో ఒకరైనా వింటారు.

ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం. అది కూడా క్యాంపస్‌లో పుట్టిన రోజే. 1952లో ఢాకాలో తమ బంగ్లా భాష కోసం నిలబడిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 1999లో యునెస్కో ఆ తేదీని గుర్తించింది. కువి, పోర్జ, గదబ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు హాస్టల్ గదిలో ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గొంతు తగ్గించడం మాకు తెలుసు. ఆ గొంతు ఆ ఒక్క రోజైనా మైకులో వినిపించాలి.

పత్రం అంటే భయపడకండి. ముందు సారాంశం అడుగుతారు, దాదాపు 250 మాటలు. ఏ సంగతి చెప్పబోతున్నారు, అది మీకెలా తెలిసింది, ఎవర్ని అడిగారు, ఏం తేలింది. నాలుగు ముక్కలే. ‘గిరిజన సంస్కృతి ఔన్నత్యం’ అని పెట్టకండి, దాని మీద ఎవరూ ప్రశ్న వేయలేరు, మీరూ జవాబు చెప్పలేరు. ‘మా పంచాయతీలో సామలు వేసే కుటుంబాలు ఎందుకు తగ్గాయి’ అని పెట్టండి. పదిళ్లు తిరిగి అడగండి. అడిగినవాళ్ల అనుమతి తీసుకోండి. రిజిస్ట్రేషన్ రుసుము ఉంటే విద్యార్థులకు తగ్గింపు ఉందేమో ముందు రాసి అడగండి, చాలా చోట్ల ఉంటుంది.

చట్టం చదివేవాళ్లకు ఒక మాట. 2000లో వచ్చిన జీవో 3 ప్రకారం ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉన్నవాళ్ల ఉద్యోగాలు కదపలేదు. మాతో టీచర్ ట్రైనింగ్ అయిన ఎందరో ఆ జీవోతోనే బడిలో అడుగుపెట్టారు. మన పిల్లలకు మాత్రం ఆ తలుపు మూసుకుంది. మీ కాలేజీలో మూట్ కోర్టు పెడితే ఈ కేసు ఎంచుకోమని అడగండి. తీర్పు తెప్పించుకుని మొత్తం చదవండి, మనకు నచ్చని పేజీలు ఇంకా జాగ్రత్తగా చదవండి. ఊళ్లో మీటింగుల్లో ఆవేశపడేవాళ్లకు కొదవ లేదు. ఆ పేజీలకు జవాబు రాయగలిగినవాళ్లు కావాలి.

సేవా కార్యక్రమాలంటే ఎన్ఎస్ఎస్. రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడు రోజుల క్యాంపు. క్యాంపు మన ఊళ్ల వైపు పడితే మీరే ముందుండాలి. లేకపోతే పట్నం పిల్లలు వచ్చి శుభ్రంగా ఉన్న వీధినే మళ్లీ ఊడ్చి వెళ్తారు. ఊరికి ఏం కావాలో సర్పంచిని, ఆశా కార్యకర్తను అడిగి ప్రోగ్రాం ఆఫీసరుకు ముందే చెప్పండి.

క్యాంపస్‌లో సికిల్ సెల్ పరీక్షలు పెడితే సిగ్గుపడకుండా చేయించుకోండి. 2023 జూలైలో ఇందుకోసం జాతీయ కార్యక్రమం మొదలైంది. వాహకులైతే అది జబ్బు కాదు, ఆరోగ్యంగానే ఉంటారు. కానీ పెళ్లాడే ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇది పెళ్లి మాటలప్పుడు కాదు, ఇప్పుడే తెలుసుకోవలసిన సంగతి. రక్తదానం చేస్తామని కొందరు ఉత్సాహంగా వెళ్తారు. 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ లేకపోతే తీసుకోరు. వెనక్కి పంపితే అవమానం కాదు. అక్కడి డాక్టరునే ఐరన్ మాత్రలు అడిగి తెచ్చుకోండి.

హాజరు గురించి చెప్పకపోతే మేం వార్డెన్లమే కాదు. 75 శాతం తగ్గితే పరీక్షకీ ఇబ్బంది, స్కాలర్‌షిప్‌కీ ఇబ్బంది. ఆటకైనా సెమినార్‌కైనా ఆన్ డ్యూటీ కాగితం వెళ్లకముందే రాయించుకోండి. వెళ్లొచ్చాక ఎవరూ రాయరు. ఇంకో చిక్కుంది. ఇటుకల పండుగ చైత్రంలో వస్తుంది, దిసారి చెప్పిన రోజు యూనివర్సిటీ క్యాలెండర్‌లో ఉండదు. సెమిస్టర్ పరీక్షలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే. పండక్కి ఇంటికెళ్లి పరీక్ష వదిలేసినవాళ్లను చూశాం, ఆ ఒక్క పేపరుతోనే చదువు ఆపేసినవాళ్లనూ చూశాం. పరీక్ష తేదీలు రాగానే ఊరికి ఫోన్ చేసి చెప్పండి. దిసారి మన మనిషే, మాట వింటాడు. పరీక్ష మాట వినదు.

ఫ్రెషర్స్ రోజున సీనియర్లు ఎవరైనా భాషని, ఊరిని, రంగుని పట్టుకుని ఎగతాళి చేస్తే అది సరదా కాదు, ర్యాగింగ్. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఆడపిల్లలు రాత్రి కార్యక్రమాల తర్వాత గుంపుగానే హాస్టల్‌కి రండి, వెంట ఒక మేడమ్ ఉండేలా ముందే అడగండి. అది మీ హక్కు.

ఈ సాయంత్రం భోజనాలయ్యాక ఈ హాల్లోనే వెనక బల్లల దగ్గర మేం నలుగురం కూర్చుంటాం. ఆగస్టు 29 సభకూ డిసెంబర్ గణిత దినోత్సవానికీ పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు రండి. లెక్కల మాస్టారు కూడా ఉంటామన్నారు. కాగితాలు మా దగ్గరున్నాయి, పెన్నులు మీరు తెచ్చుకోండి. సవర వచ్చినవాళ్లు ముందు రండి, మాస్టారికి ఒకటి నుంచి 39 దాకా లెక్క చెప్పాలి.