ఫార్మాట్ కొట్టే ముందు ఒకటిన్నర నిమిషం ఆగండి

డ్యూటీలో వినడానికి కుదరనివాళ్ల కోసం ఈ వారం మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నా.

2025 అక్టోబర్‌లో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక, మనలో చాలామంది పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వేసుకున్నారు. నాదీ అంతే. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, అందులో లినక్స్ మింట్. బాగానే నడిచింది, మొన్న గురువారం రాత్రి వరకు.

ఆదివారం పొద్దున నేను ఇక్కడ కువైట్‌లో లేబర్ ఆఫీసుకు పోవాలి. నాలుగు నెలల ఓవర్‌టైమ్ డబ్బులు రాలేదు. సూపర్‌వైజర్ సంతకాలున్న టైమ్ షీట్లను రోజూ ఫొటో తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించా. ఆ ఫోన్ పగిలిపోయింది. అంటే నా సాక్ష్యమంతా ల్యాప్‌టాప్‌లోనే. ఆన్ చేస్తే మింట్ లోగో వచ్చి అక్కడే ఆగింది. పవర్ బటన్ నొక్కి ఆపా, మళ్లీ ఆన్ చేశా. మూడుసార్లు అదే.

"ఫార్మాట్ కొట్టెయ్ అన్నా, అరగంటలో కొత్తది ఎక్కిద్దాం" అన్నాడు రూమ్‌లో తమ్ముడు. కొడితే ఫొటోలు కూడా పోయేవి.

అప్పుడు చేసింది ఇది. ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కితే గ్రబ్ మెనూ వచ్చింది. మరీ పాత మెషిన్లలో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. మొదటి లైను మీద ఉండి, ఇంగ్లిష్ అక్షరం 'ఈ' కొట్టా. 'లినక్స్' అని మొదలయ్యే లైను చివర 'క్వయట్ స్ప్లాష్' అని ఉంటుంది. ఆ రెండు మాటలే లోగో చూపించి, లోపల జరిగేది దాచిపెడతాయి. వాటిని చెరిపి ఎఫ్10 నొక్కా. ఈ మార్పు ఆ ఒక్కసారికే, భయం లేదు.

తెర నిండా అక్షరాలు పరుగెత్తి ఒక లైను దగ్గర ఆగాయి: 'ఏ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్'. పక్కనే ఒక డిస్క్ నంబరు, ఒకటిన్నర నిమిషం టైమర్. అంటే మెషిన్ చావలేదు, ఒక డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. నేనేమో ప్రతిసారీ నిమిషం కాకుండానే బటన్ నొక్కి చంపేస్తున్నా!

ఏ డిస్క్? అప్పుడు వెలిగింది. ఎప్పుడూ తగిలించి ఉండే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మా రూమ్‌మేట్‌ది. ఆయన బుధవారం చుట్టీ మీద జగిత్యాల పోతూ దాన్ని తీసుకుపోయాడు. అది దానంతటదే తెరుచుకోవాలని, నేనే ఎప్పుడో ఒక వీడియో చూసి ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఒక లైను రాశా.

టైమర్ అయిపోయాక ఎమర్జెన్సీ మోడ్ వచ్చింది. ఎంటర్ నొక్కి, నానో ఎడిటర్‌తో ఆ ఫైల్ తెరిచి, నేను రాసిన లైను ముందు హాష్ గుర్తు పెట్టా. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్, తర్వాత రీబూట్. డెస్క్‌టాప్ వచ్చింది. ఫొటోలన్నీ ఉన్నాయి. ఆ రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, ఊళ్లో మా తమ్ముడికి ఒక కాపీ పంపా.

డిస్క్ తిరిగొచ్చాక ఆ లైనులో ఆప్షన్ల దగ్గర 'నోఫెయిల్' అని కలుపుతా. అప్పుడు డిస్క్ లేకపోయినా మెషిన్ ఆగిపోదు.

మీది ఆగడానికి కారణం వేరే ఉండొచ్చు. తెర పూర్తిగా నల్లగా అయితే గ్రాఫిక్స్ గొడవ కావచ్చు. అదే 'క్వయట్ స్ప్లాష్' చోట 'నోమోడ్‌సెట్' అని రాసి చూడండి. ఏదీ పనిచేయకపోతే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో 'ట్రై' మోడ్‌లో తెరిచి, ముందు మీ ఫైళ్లు బయటికి తీసుకోండి. ఫార్మాట్ ఆఖరి మాట.

ఆదివారం ఫొటోలు ప్రింట్ తీసి ఇచ్చా. డబ్బులు ఇంకా రాలేదు, కానీ కాగితాలు ఫైల్‌లో చేరాయి. మీ టైమ్ షీట్లు కూడా రెండు చోట్ల దాచుకోండి. వచ్చే శుక్రవారం కలుద్దాం.